అచ్చాయమ్మ వదిన సాయంత్రపు జ్వరం

మా వదిన అచ్చాయమ్మకి పొద్దు వాలేసరికి జ్వరం వచ్చేది. జ్వరంతోపాటు మా అన్నయ్య వచ్చేవాడు.

అన్నయ్య జగన్నాథరావు పోయి అప్పటికి మూడేళ్ళు దాటింది. బతికున్నన్నాళ్ళూ సైకిలుకి అటూ ఇటూ పాలక్యాన్లు తగిలించుకుని కాలవ గట్టు మీదుగా పాలకేంద్రానికి వెళ్ళి వచ్చేవాడు. తిరిగొచ్చేటప్పుడు కాలవ నీళ్ళు వదిలే లాకుల దగ్గర ఒకసారి, మా వీధి మలుపులో ఒకసారి బెల్లు కొట్టేవాడు. దారికి అడ్డం ఎవరూ లేకపోయినా సరే కొట్టాల్సిందే. మొదటి బెల్లుకి వదిన స్నానానికి నీళ్ళు తోడేది, రెండో బెల్లుకి కంచం పెట్టేది. ఆ కంచం ముందు కూర్చుని కూడా నెమ్మదిగా తిన్న పాపాన పోలేదు. పాకలో గేదె అరిస్తే చాలు, కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయేవాడు. "ఆ గేదెని చేసుకోవాల్సింది నువ్వు, మా వదినని కాదు" అని నేను దెప్పేదాన్ని. ఓ రోజు గుండెల్లో నొప్పంటూ అరుగు మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

నన్ను ఊళ్ళోనే ఇచ్చారు. పెనుగొండ నుంచి ఆటోలో వచ్చి కాలవ వంతెన దగ్గర దిగితే మొదటి వీధే మాది. వదిన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక దడి. ఊరి బళ్ళో టీచరు ఉద్యోగం నాది. పశువులంటే నాకు మొదట్నించీ పడదు. పేడకంపు కొడుతుందని పాక వైపు తిరిగి పడుకునేదాన్ని కూడా కాదు. మా అమ్మ నన్ను చూసి, దీని కడుపున పెరుగన్నం ఎలా పడుతుందో అని విస్తుపోయేది.

వదిన మాత్రం గేదెల కోసమే పుట్టినట్టుండేది. ఆవిడది జంగారెడ్డిగూడెం పక్క మెట్ట ఊరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇన్ని నీళ్ళు ఎప్పుడూ చూడలేదని కాలవ గట్టు మీద నడవడానికే భయపడి అన్నయ్య చొక్కా పట్టుకుని నడిచింది. ఊరంతా నవ్వారు. ఆ నవ్విన ఊరే తర్వాత్తర్వాత ఏ గేదె ఈనుతున్నా మా వదిన కోసం కబురంపేది. చెయ్యి సన్నం, అడ్డం తిరిగిన దూడని లోపలే తిప్పి తీసేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. జున్నుపాలు ఓ గిన్నెడు పంపితే మహా సంబరపడి, అందులో సగం నాకు పంపేది.

దూడ పడ్డాక మాయ పడుతుంది కదా. దాన్ని మా వైపు పారెయ్యరు. ఎండుగడ్డిలో చుట్టి, తాడుతో కట్టి, కాలవ మలుపులో ఉన్న మేడిచెట్టుకి వేలాడదీస్తారు. మేడికొమ్మ గిల్లితే పాలు కారతాయి. ఆ చెట్టుకి కడితే గేదె పొదుగూ అలా కారుతుందని నమ్మకం. అది కూడా మా వదిన చేత్తో కడితేనే పాలు నిలుస్తాయని ఊళ్ళో ఆడవాళ్ళంతా తీర్మానించారు. పొద్దున్నే మంచులో బడికి అటుగా వెళ్తుంటే ఆ మూటలు కొమ్మలకి వేలాడుతూ, కింద నీళ్ళలో నీడలు ఊగుతూ ఉండేవి. ఏ మూట ఏ ఇంటిదో వదిన చెప్పేది. నేను ముక్కు మూసుకుని వినేదాన్ని.

ఇక జ్వరం సంగతి. అది పొద్దున్న ఉండదు, మధ్యాహ్నం ఉండదు. కొంగలు చెట్లకి చేరే వేళకి ఒళ్ళు మెల్లగా వెచ్చబడేది. కీళ్ళు లాగేవి. వదిన మంచం వాల్చుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు గదిలోకి కొత్తనీళ్ళ వాసన వచ్చేదట. మంచం కిందనుంచి కాలవ పారుతున్నట్టు, మంచం దాని మీద తేలి కొంచెం కొంచెం కదులుతున్నట్టు ఉండేదట. దూరంగా లాకుల దగ్గర బెల్లు. కాసేపటికి మలుపులో ఇంకో బెల్లు. పంచె అంచు తడిసి ఉండగా అన్నయ్య లోపలికొచ్చి మంచం పట్టె మీద కూర్చునేవాడట.

బడికి వెళ్ళబోతూ దడి దగ్గర ఆగి అడిగేదాన్ని. "వదినా, నిన్న వచ్చాడా?"

"వచ్చారు. కాలవకి నీళ్ళు వదిలారన్నారు."

"ఇంకా?"

"దాళ్వా పంట బావుంటుందన్నారు."

అంతకుమించి ఏమీ చెప్పేవాడు కాదు. నా గురించి అడిగాడా అని నేను అడగలేదు, వదిన చెప్పలేదు. ఒక్క కడుపున పుట్టాం, నా కలలోకి ఒక్కసారి కూడా రాలేదు. నాకు కుళ్ళుగా ఉండేది. నాకేమో జ్వరమే రాదు, రాయిలాగా ఉంటాను.

ఊరి ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. వేసుకున్న రోజు జ్వరం తగ్గింది. వదిన మర్నాడు ఆ మాత్రల్ని దడి అవతల పారేసింది. "అవి వేసుకుంటే రావట్లేదే" అంది.

అలా నెలలు గడిచాయి. వదిన జాకెట్లు వదులైపోయాయి. పీట మీద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకునేది. ముఖం మాత్రం పెళ్ళినాటికన్నా కళగా ఉండేది. సాయంత్రం అయ్యేసరికి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని జ్వరం కోసం కూర్చునేది. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది, కోపమూ వచ్చేది.

ఆ ఏడాదే ఊళ్ళో గేదెలు ఈసుకుపోవడం మొదలైంది. అంటే నెలలు నిండకుండానే కడుపు పోవడం. ముందు ఒక ఇంట్లో, తర్వాత ఎదురింట్లో, తర్వాత మా వదిన పాకలో. వదినకి ఉన్నది ఒకే గేదె. నుదుటి మీద తెల్లచుక్క ఉండేది కాబట్టి చుక్కగేదె అనేవాళ్ళం. అన్నయ్య చేతులతో కొని తెచ్చిన ఆఖరి పడ్డ అది. కళ్ళు తెరవని దూడని గడ్డిలో చుట్టి వదిన చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది.

ఇదివరకైతే దిష్టి తగిలిందనుకుని ఊరుకునేవాళ్ళు. కానీ అది రెండువేల తొమ్మిది. పశువుల అంటురోగాల మీద కొత్త చట్టం వచ్చిందన్నారు. పశువుల ఆసుపత్రి గోడకి కాగితం అంటించారు. ఊళ్ళో ఏ ప్రభుత్వ కాగితం వచ్చినా చదివి పెట్టే పని నాదే. చదివాను. కడుపు పోయిన గేదెల సంగతి దాచకూడదు, తప్పకుండా చెప్పాలి. అలాంటి ఊళ్ళో ప్రతి పశువుకీ రక్తపరీక్ష. రోగం ఉందని తేలినదాన్ని విడిగా కట్టాలి, సంతకి తోలకూడదు. ఆ కాగితం ఎండకి పెళుసెక్కక ముందే దాని మీద ఇంకో కాగితం పడింది. అది కూడా చదవమన్నారు. ముందుదాంట్లో ఉన్నదే ఇంకా అర్థంకాని తెలుగులో ఉంది. మా వీధిలో ఒకాయన పరీక్ష కాకముందే అమ్మేద్దామని చీకటితో గేదెని వ్యాను ఎక్కించాడు. సర్టిఫికెట్టు లేదని సంతలో గేటు దగ్గరే ఆపేశారు. ఊరంతా ఆ గేదె సంత చూసొచ్చిందని ఏడిపించారు.

పశువుల డాక్టరు రెబెక్కా గారని కొత్తగా వచ్చారు. చిన్న మనిషి, పెద్ద బూట్లు. వంతెన పక్కన గేదెలన్నిటినీ కట్టించి, ఒక్కోదాని మెడ నరంలోంచి రక్తం తీసి సీసాల్లో పోస్తున్నారు. సంత చూసొచ్చిన గేదెగలాయన ఊరుకోలేదు.

"అడక్కుండా రక్తం తీసేస్తారేంటండీ?"

"ఇదివరకు మీరు అడిగితేనే తీసేవాళ్ళమండి" అన్నారావిడ, సీసా మీద నంబరు వేసుకుంటూ. "ఇప్పుడు మీరు అడగక్కర్లేదు. రూలు మారింది."

ఫలితాలు వచ్చాయి. వీధిలో సగం పాకల్లో రోగం ఉంది. చుక్కగేదెకీ ఉంది. డాక్టరు గారు మళ్ళీ వచ్చి, గేదెలకి పురుళ్ళు ఎవరు పోస్తారని అడిగారు. అందరూ గొప్పగా మా వదినని ముందుకి తోశారు. మాయలు ఏం చేస్తారని అడిగారు. అందరూ ఇంకా గొప్పగా డాక్టరు గారిని మేడిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఆవిడ తలెత్తి చెట్టు వైపు చూశారు. మూటలు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. ఒకటి పిగిలి కాలవలోకి జారుతోంది. కింద గేదెలు నీళ్ళు తాగుతున్నాయి.

"రోగం ఉండేది అందులోనేనండి" అన్నారావిడ. "కుక్కలు లాగుతాయి, కాలవలో పడుతుంది, గడ్డి మీద పడుతుంది. ఒక పాకలోది ఇంకో పాకకి ఇలాగే వెళ్తుంది."

వదిన ముఖం పాలిపోయింది. "పాలు బాగా రావాలని కట్టానండి" అంది. మీ చెయ్యే కావాలి, మీ చెయ్యే కావాలి అన్నవాళ్ళంతా కాలవ కేసి చూస్తూ నిలబడ్డారు. నాకు వాళ్ళందర్నీ ఆ కాలవలోకే తొయ్యాలనిపించింది.

"మీకు తెలీదు కదండీ" అన్నారు డాక్టరు గారు. తర్వాత వదిన చేతుల వంక చూశారు. "వట్టి చేతుల్తోనే తీస్తారా? మీకు సాయంత్రంపూట జ్వరం వస్తోందాండీ? కీళ్ళు నొప్పులు?"

నేను నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుంది. పొద్దు వాలుతోంది, ఆ చెయ్యి అప్పటికే కాలుతోంది.

"లేదండి" అంది వదిన.

డాక్టరు గారు నన్ను చూశారు, వదినని చూశారు. "గేదెలకైతే నేను అడక్కుండా పరీక్ష చేస్తానండి. మనుషులకి అలాంటి రూలు లేదు. మీ అంతట మీరు వెళ్ళి అడగాలి. రాజమండ్రిలో చేస్తారు. మందులున్నాయి, తగ్గిపోతుంది. వదిలేస్తే మాత్రం నడుం పడిపోతుంది, ఒక్కోసారి గుండెకీ వస్తుంది." అంత చెప్పి బూట్లు కడుక్కోవడానికి వెళ్ళారు.

ఇంటికొచ్చి నేను చేసిన రభసకి దడి మీద పిట్టలు లేచిపోయాయి. "చస్తావా? వాడి దగ్గరికి పోదామనా?" అని అరిచాను. వదిన అంతా విని, మంచం మీద కూర్చుని అంది:

"నువ్వూ రోజూ అడుగుతున్నావుగా, ఏమన్నారని. మందులు వేసుకుంటే రేపట్నుంచి నీకేం చెప్పను?"

మందులు వేసుకోమని చెప్పాల్సింది నేనే. వాడు రాకుండా పోతాడన్న భయమూ నాకే ఉంది.

రోగం ఉన్న గేదెల్ని విడిగా కట్టాలి కదా. వదిన చుక్కగేదెని తోలుకుని పొలంలో మకానికి వెళ్ళిపోయింది. మకామంటే నాలుగు తాటి స్తంభాలు, పైన గడ్డి, ఒక నులకమంచం. "దానికి లేని ఇల్లు నాకెందుకు" అంది. చుట్టూ దాళ్వా నాట్లు. గాలి వీస్తే పొలమంతా ఒక పక్కకి వాలి మళ్ళీ లేచేది. రోజూ సాయంత్రం నేను గట్టు మీదనుంచి క్యారేజీ తీసుకెళ్ళేదాన్ని. దూరంనుంచి చూస్తే మకాం కూడా నీళ్ళ మీద తేలుతున్నట్టే కనిపించేది. అక్కడ జ్వరం మరీ ఎక్కువైంది. అన్నయ్య కూడా మరీ ఎక్కువసేపు ఉంటున్నాడట. సైకిలు స్తంభానికి ఆనించి కూర్చుంటే పొద్దు పొడిచేదాకా వెళ్ళట్లేదట. చెబుతుంటే వదిన గొంతు ఎక్కడో కాలవ అవతలి గట్టునుంచి వస్తున్నట్టుండేది.

ఒక సాయంత్రం బళ్ళో మీటింగు ఉండి ఆలస్యంగా బయల్దేరాను. లాకులు దాటుతుండగానే చుక్కగేదె అరుపు వినిపించింది. మామూలు అరుపు కాదు, గొంతు జీరపోయి ఉంది. పరుగెత్తాను. గేదె పలుపు తాడు మెడకి బిగిసేదాకా కాలవ వైపు లాక్కుని ఉంది. తొట్టిలో చుక్క నీళ్ళు లేవు. వదిన మంచం మీదనుంచి సగం కిందకి జారి, లేవలేక, నేలని పట్టుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ముందు దాన్ని చూడమని చేత్తో గేదె వైపు చూపించింది.

బకెట్టు తీసుకుని కాలవలోకి దిగాను. నా జన్మలో గేదెకి నీళ్ళు పెట్టడం అదే మొదలు. అది తాగిన తీరు చూస్తే నాకే దాహం వేసింది. తర్వాత వచ్చి వదినని మంచం మీదికి చేర్చాను. ఒళ్ళు నిప్పులాగా ఉంది.

"సత్యా" అంది. నా పేరు సత్యకుమారి. "ఆయన ఇక్కడే ఉన్నారే."

"ఉంటే ఉన్నాడులే."

"కాదే. నీకర్థం కావట్లేదు. ఇక్కడే, నా కాళ్ళ దగ్గరే కూర్చున్నారు. చుక్క అరుస్తోంది. ఎంతసేపట్నించో అరుస్తోంది. నాకు లేవడం చాతకావట్లేదు. ఏవండీ, కాస్త చూడండీ అన్నాను. ఆయన నీళ్ళు వదిలారు, దాళ్వా బావుంటుంది అంటున్నారు. దాని వైపు తల కూడా తిప్పలేదు."

వదిన నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అన్నయ్య పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"గేదె అరుస్తుంటే మీ అన్నయ్య కూర్చుంటారటే? చెప్పు. కూర్చుంటారటే?"

నేను కూడా ఏడ్చాను. ఇన్నాళ్ళూ నాకు చేరిన ఆ రెండు ముక్కల కబురు కూడా అన్నయ్యది కాదని అప్పుడే నాకూ తెలిసింది.

మర్నాడు వదిన తనే ఆటోని ఆపింది. రాజమండ్రి ఆసుపత్రిలో చీటీ రాసే అతను ఏం కావాలని అడిగితే, "మా గేదెకి చేసిన రక్తపరీక్ష నాకూ చెయ్యండి బాబూ" అంది. అతను నవ్వబోయి నా ముఖం చూసి మానుకున్నాడు. చేశారు. చుక్కగేదెకి ఏముందో వదినకీ అదే ఉంది. నెలన్నరపాటు వాడాలని మందులిచ్చారు. అందులో ఒక ఎర్ర గొట్టం మాత్రకి మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. వదిన భయపడకుండా పూట తప్పకుండా మింగింది.

అన్నయ్య ఒక్కసారిగా పోలేదు. ముందు మంచం దాకా రావడం మానేసి స్తంభం దగ్గరే నిలబడేవాడట. తర్వాత బెల్లు మాత్రం వినిపించేది. తర్వాత కొత్తనీళ్ళ వాసన ఒకటే వచ్చేది. తర్వాత అదీ లేదు. "ఆయన కాదని తెలుసు సత్యా. తెలిసినా చూడాలనిపిస్తుందే" అంది ఒక పొద్దున్న. ఆ తర్వాత నేను వచ్చాడా అని అడగడం మానేశాను. ఇద్దరం కూరల గురించి మాట్లాడుకునేవాళ్ళం.

మేడిచెట్టు మీద మూటలన్నీ దింపించి సున్నం వేసి పాతించారు. ఇంకా ఈనని పడ్డలకి టీకాలు వేశారు. గోడ మీద మూడో కాగితం పడింది, అది చదివే ఓపిక నాకు లేదు. మరుసటేడు చుక్కగేదె మకాంలోనే ఈనింది. డాక్టరు గారి ఎదుట, మోచేతుల దాకా తొడుగులు వేసుకుని వదినే దూడని తీసింది. తల్లికి మల్లే నుదుట చుక్క. మాయని గోతిలో వేసి, సున్నం చల్లి, మట్టి కప్పింది. చెట్టుకి కట్టకపోతే పాలు పడవని ఒకావిడ సణిగింది. చుక్కగేదె పాలిచ్చింది. ఆ పాలు మరిగించకుండా దూడకి కూడా పట్టలేదు వదిన. దూడ దగ్గరికి వెళ్ళేముందు చేతులు కడుక్కోమని నన్ను కూడా కసిరింది.

ఆ వారంలోనే ఓ సాయంత్రం ఇద్దరం మకాంలో కూర్చుని అన్నం తింటున్నాం. కొంగలు చెట్లకి చేరుతున్నాయి. ఒకప్పుడు జ్వరం వచ్చే వేళ అది. గట్టు మీద ఎవరో సైకిలు మీద పోతున్నారు. బెల్లు కొడతారేమోనని ఇద్దరం వింటూ, విననట్టు తింటున్నాం. కొట్టలేదు. సైకిలు వంతెన దాటిపోయింది.

అప్పుడు చుక్కగేదె అరిచింది. నేను కలిపిన ముద్ద కంచంలో వదిలేసి లేచాను. తొట్టి దాకా వెళ్ళి, బకెట్టు కోసం వెనక్కి తిరిగితే వదిన నన్నే చూస్తోంది. చెయ్యి కంచంలోనే ఉంది.

"ఏంటి వదినా?"

"ఏం లేదు" అంది. "నువ్వు లేచింది చూస్తున్నాను."

కళ్ళు తుడుచుకుని, బకెట్టు మంచం కింద ఉందని చెప్పింది.